పాతబడేది పీపాలో, సీసాలో కాదు

సంపాదకులు గారికి,

పోయిన ఆదివారం అనుబంధంలో కోన్యాక్ (ఫ్రాన్స్‌లో ద్రాక్షతో చేసే బ్రాందీ) మీద వ్యాసం చదివాను. మందు గురించి రుచి కోణంలో రాయడం మన పత్రికల్లో అరుదు, అందుకే ఇష్టంగా చదివాను. కానీ సీసా ఎన్నేళ్లు దాస్తే అంత గొప్పదవుతుందని, గ్లాసును కొవ్వొత్తి సెగ మీద వేడి చేసి ఇవ్వాలని రాశారు. రెండూ తప్పే.

నైరుతి ఫ్రాన్స్‌లో షారాంత్ నది చుట్టుపక్కల పండే ద్రాక్షతో, అందులోనూ ఎక్కువగా యూని బ్లాం అనే రకంతో, పుల్లటి వైన్ చేసి రాగి బట్టీలో రెండుసార్లు కాస్తారు. దిగేటప్పుడు అది నీళ్లలా తెల్లగా, 70 శాతం ఆల్కహాల్‌తో ఉంటుంది. ఆ తర్వాత జరిగేదంతా ఓక్ పీపాలోనే: చెక్క నుంచి రంగూ వాసనా దిగుతాయి, చెక్క గుండా గాలి తగులుతుంది, ఏటా దాదాపు 2 శాతం ఆవిరైపోతుంది (కోన్యాక్ పట్టణంలో గోదాముల గోడలు నల్లగా ఉండేది ఆ ఆవిరి మీద బతికే బూజు వల్లే). బాగా పాతబడిన సరుకును ఇక చాలనుకున్నాక పెద్ద గాజు జాడీల్లోకి మారుస్తారు, గాజులో మార్పు ఆగిపోతుంది కాబట్టి. మరి మన సీసా కూడా గాజే కదా!

అంటే 1990లో ఎవరో డ్యూటీ ఫ్రీలో కొని తెచ్చి, మీరు షోకేసులో పెట్టిన ఎక్స్ఓ రకం కోన్యాక్ వయసు ఇవాళ్టికీ అంతే. ఎక్స్ఓ అంటే అందులో కలిపిన సరుకుల్లో అతి తక్కువ వయసుది కూడా పీపాలో 10 ఏళ్లు ఉండాలనే నిబంధన 2018లోనే వచ్చింది, అంతకుముందు 6 ఏళ్లే. ముదురు రంగు చూసి కూడా మోసపోవద్దు, రంగు కోసం కారమెల్ కలపడానికి అనుమతి ఉంది. పిల్లల పెళ్లికనో షష్టిపూర్తికనో దాచిన సీసాలు మన ఇళ్లలో ఎన్నో ఉన్నాయి, దయచేసి తీయండి. అప్పటిదాకా నిలబెట్టే ఉంచండి, పడుకోబెడితే ఘాటుకు బిరడా పాడవుతుంది. తీశాక సగం కంటే తగ్గితే కొన్ని నెలల్లో ముగించడం మంచిది, ఖాళీలోని గాలికి వాసన పల్చబడుతుంది.

ఇక వేడి సంగతి. వేడి చేస్తే ముందు ఎగిసేది ఆల్కహాలే, అది ముక్కుకు కొడితే మిగతా వాసనలేవీ తెలియవు. గది ఉష్ణోగ్రతలో తాగాలంటే 18, 20 డిగ్రీలని అర్థం, మే నెలలో విజయవాడ గది కాదు. మన ఎండల్లో సీసాను కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి తీయడమే సరైన పని, ఐసు మాత్రం వద్దు. పెద్ద బుడ్డి గ్లాసు కంటే మూతి సన్నగా ఉండే చిన్న గ్లాసు మేలు, 30 మిల్లీలీటర్లు చాలు. పోసి పావుగంట వదిలేయండి. ముందు తిప్పకుండా కాస్త దూరం నుంచే వాసన చూడండి, తర్వాత మెల్లగా తిప్పి మళ్లీ చూడండి. చిన్న వయసుదైతే పూలు, పళ్లు తెలుస్తాయి. పాతదైతే ఎండు అత్తి, దాల్చినచెక్క, తోలు, అక్రోట్, ఒక్కోసారి పుట్టగొడుగు వాసన, దీన్నే అక్కడివాళ్లు రాన్సియో అంటారు, దాని కోసమే అంత డబ్బు పెట్టేది. తర్వాత ఒక్క చుక్క నాలుక మీద ఉంచుకుని, మింగాక రుచి ఎంతసేపు నిలుస్తుందో గమనించండి.

పక్కన ఏం పెట్టాలన్నది వ్యాసంలో రాయనేలేదు. చికెన్ 65, మిర్చి బజ్జీ వద్దే వద్దు, కారం మీద ఆల్కహాల్ మంట రెట్టింపవుతుంది. భోజనం అయ్యాక తీపి తక్కువున్న డార్క్ చాక్లెట్, అక్రోట్, ఖర్జూరం పెట్టండి. దొరికితే రోక్‌ఫోర్ చీజ్, దాని ఉప్పదనం పాత కోన్యాక్‌లోని తీపిని బయటికి లాగుతుంది. నాకైతే దీన్ని మించిన జోడీ లేదు.

కోక్‌లో కలుపుకునేవాళ్లను తప్పుపట్టను, ఫ్రాన్స్‌లోనూ టానిక్‌లో కలుపుకుంటారు. కాకపోతే దానికి పీపాలో రెండేళ్లున్న వీఎస్ రకం సరిపోతుంది, ఎక్స్ఓ తీయక్కర్లేదు.

– ఒక పాఠకుడు, సికింద్రాబాద్