ర్యాంకుల వార్తలే చాలవు

సంపాదకుడు గారికి,

అమెరికాలో మన పిల్లల ర్యాంకుల వార్తలు బాగానే వేస్తున్నారు. అలెహాంద్రో పోర్టెస్ పరిశోధన గురించి కూడా రాయండి. 1944లో క్యూబా రాజధాని హవానాలో పుట్టి, తానే అమెరికాకు వలస వెళ్ళిన ఈ సామాజిక శాస్త్రవేత్త అక్కడి ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో చాలాకాలం పాఠాలు చెప్పారు. 1992లో తోటి సామాజిక శాస్త్రవేత్త రూబెన్ రుంబౌట్‌తో కలిసి మయామి, శాన్ డియాగో ప్రాంతాల బడుల్లో అయిదు వేలకు పైగా వలస కుటుంబాల పిల్లలతో సర్వే మొదలుపెట్టి, పదేళ్ళు వాళ్ళ బతుకుల్ని గమనించారు.

అందరూ ఒకేలా పైకి రారని తేలింది. ఒంటి రంగు, తల్లిదండ్రుల చదువు, ప్రభుత్వం ఆదరించిందా లేదా అన్నవి దారి మార్చేస్తాయి. మనవాళ్ళలో ఎక్కువమంది డిగ్రీలతో వెళ్ళారు, ఆ తేడా మరవకూడదు.

ఇంకోటి. ఇంగ్లిష్‌తోపాటు ఇంటి భాష కూడా బాగా వచ్చిన పిల్లల్లో ఆత్మవిశ్వాసం ఎక్కువగా కనిపించిందట. డాలస్‌లో ఉన్న మా మనవడికి తెలుగు నేర్పమని మా అమ్మాయికి ఈమధ్యే గట్టిగా చెప్పాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు