పాళెంలో పోయిన ళకారం

సంపాదకులు గారికి,

అయ్యా,

మా ఊరి మలుపులో ఈమధ్య పాతిన కొత్త బోర్డు మీద, ఊరి పేరు చివర తరతరాలుగా ఉన్న 'పాళెం' కాస్తా 'పాలెం' అయింది. ఇంగ్లీషులో రాసుకున్న పేరును చూసి ఎవరో తిరిగి తెలుగులోకి దించినట్టున్నారు. ఒక్క అక్షరానికి ఇంత రాద్ధాంతమా అని మీ పాఠకులు అనుకోవచ్చు. కోస్తాలో చాలాచోట్ల 'పాలెం' అనే రూపమే వాడుకలో ఉంది కనుక అక్కడ అదే ఒప్పు. రాయలసీమలో మాత్రం ఆ ళకారం పాళెగాళ్ల కాలానికి మిగిలిన ఆనవాలు.

పాళెం అంటే మొదట దండు విడిసిన చోటు. విజయనగర రాజుల కాలంలో కనుమలనూ బాటలనూ కాపాడుతూ, అడిగినప్పుడు బంట్లను పంపే షరతు మీద భూములు అనుభవించిన నాయకులే పాళెగాళ్లు. 1565లో రక్కసితంగడి యుద్ధంలో విజయనగరం ఓడాక పైన గట్టి ఏలిక లేకపోయేసరికి ఎవరి కోటలో వారే దొరలయ్యారు. మైసూరు, మరాఠా, నైజాం సేనలు ఈ నేలను మార్చి మార్చి తొక్కాయి. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి ఈ ప్రాంతాన్ని అప్పగించే నాటికి ఇక్కడ సుమారు 80 మంది పాళెగాళ్లు ఉన్నారు. కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో వారి కోటలను, ఆయుధాలను లాక్కొని చాలామందికి భరణాలు కట్టాడు. (ఆయన మీది గౌరవంతో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నదీ మా సీమవాళ్లే.) పాళెగాళ్ల కింద కాపలా కొలువు చేసిన కట్టుబడి బంట్ల మాన్యాలను తర్వాత సర్కారు కలుపుకోవడం 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటుకు ఊతమైంది.

అప్పగించిన నేల కనుక దీన్ని దత్తమండలాలు అన్నారు. ఆ పిలుపు నచ్చక, 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు సూచించిన 'రాయలసీమ' అన్న పేరును ఇక్కడివారు కోరి స్వీకరించారు. అలా తెలిసి మార్చుకున్న పేరు మీద నాకు ఫిర్యాదు లేదు. ఎవరూ అడగకుండా, ఎవరికీ తెలియకుండా మారిపోతున్న పేర్ల గురించే నా బాధ.

ఊరి పేర్లకే కాదు, పొలాల పేర్లకూ ఇదే గతి పడుతోంది. మా ఊరి ఉత్తరపు పొలిమేరలో 'బురుజు చేను' ఉంది. బురుజు ఎప్పుడో కూలిపోయింది, జిల్లేడు మొలిచిన రాళ్లకుప్ప మీద గొర్రెల కాపరులు కూర్చుంటారు. పక్కది 'కట్టుబడి మాన్యం'. కొత్త పాసుపుస్తకాల్లో ఈ రెండింటికీ సర్వే నంబర్లే మిగిలాయి.

బోర్డులు రాయించే ముందు, రెవెన్యూ కార్యాలయాల్లోని పాత డైగ్లాట్ (ఇంగ్లీషు, తెలుగు రెండింట్లో రాసిన భూముల) రిజిస్టర్లలో ఊరి పేరు తెలుగులో ఎలా ఉందో ఒక్కసారి చూసుకోవాలని, గ్రామసభలో చదివి వినిపించాలని అధికారులకు మీ పత్రిక ద్వారా విన్నవించుకుంటున్నాను. మా ఊరి బోర్డు మీద దిద్దడానికి గరిటెడు రంగు చాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
అనంతపురం జిల్లా