అనంతపురం నుంచి శైలజకు

చిరంజీవి శైలజకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరమూ క్షేమం. ఉగాది తరువాత నీ ఫోను రాలేదు. పనిలో మునిగి ఉంటావని మీ అమ్మకు నేనే సర్దిచెబుతున్నాను. మొన్న తాడిపత్రి పెళ్లిలో పెద్దత్త కొడుకు, నువ్వు ఉద్యోగం మానేసి రోజంతా బొమ్మలు వేసుకుంటున్నావని నలుగురిలో అన్నాడు. వాడి మాటలు నేను ఏనాడూ పట్టించుకోలేదు, ఇప్పుడూ పట్టించుకోవడం లేదు. అయితే నువ్వు వేసిన పల్లె చిత్రమొకటి వాడి ఫోనులో చూశాను గనుక దాని గురించే రాస్తున్నాను.

చిత్రం బాగుంది. కానీ ఆ చేనుకు అంత పచ్చదనం ఎక్కడిది? ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే నేల మనది. ఆ కొబ్బరిచెట్లు కోనసీమవి. మన చెనక్కాయ చేల గట్ల మీద ఉండేవి కానుగ, తుమ్మ, వేప. ఎర్రమట్టి సైతం తడిసినప్పుడు ఒక రంగు, మడక తోలి ఆరిన తరువాత మరొక రంగు. నీకు నేర్పిన గురువు లేడు గనుక ఇవన్నీ నువ్వే వచ్చి, చూసి, వేసుకోవాలి.

మీ చిన్నాయన సంగతి నీకు సగమే తెలుసు. ఏరువాక పున్నమికి ఎద్దుల కొమ్ములకు పూయగా మిగిలిన రంగుతో కొట్టం గోడ మీద ఆ ఎద్దులనే వేస్తూ ఆయన చేయి తిప్పుకున్నాడు. ఒకసారి నూనెమిల్లు యజమాని ఒకాయన కొత్త ఇంటికి జోడెద్దుల చిత్రం కావాలని ముందుగానే డబ్బిచ్చాడు. చిన్నాయన తన కాడెద్దులను ఎదుట కట్టేసుకుని, మెడల మీద కాడి రాపిడికి కాసిన కాయలతో సహా వేసి, బండిలో తీసుకుపోయాడు. శుభమా అని ఇల్లు కట్టుకుంటే ఈ పుండ్లేమిటి, తుడిచేసి నున్నగా చేయమని ఆ యజమాని పట్టుబట్టాడు. "కాయ లేని ఎద్దు కావాలంటే లేపాక్షి బసవన్న ఉన్నాడు, పోయి చూసుకోండి" అని చెప్పి చిన్నాయన చిత్రంతో తిరిగి వచ్చేశాడు. అప్పటికే ఖర్చయిన ఆ డబ్బు కట్టడానికి విత్తనపు కాయలు అమ్మాడని మీ చిన్నమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. చేను ఉండబట్టి ఆయన ఆ మాట అనగలిగాడు. నీకున్న చేను నెల జీతమే. నిమ్మలకుంటలో తరతరాలుగా మేకతోలు మీద బొమ్మలు గీసి, ఉలితో చిల్లులు కొట్టి, రంగులు వేసేవారే, తోలుబొమ్మలాటలకు ఆదరణ తగ్గాక లాంప్‌షేడ్లు చేసి అమ్ముకుంటున్నారు. నేను నిన్ను వద్దనడం లేదు, లెక్క చూసుకోమంటున్నాను.

సెలవు దొరికితే, సెలవు అవసరం నీకు ఇంకా ఉంటే, రా. లేపాక్షి వీరభద్రస్వామి గుడిలో 16వ శతాబ్దపు పైకప్పు చిత్రాలను తీరిగ్గా చూద్దువు. ఆ చీరల అంచుల పనితనం ఫోనులో తెలియదు.

టర్పెంటైన్ వాడేటప్పుడు కిటికీలు తెరిచి ఉంచు. రంగు చేతులతో అన్నం తినవద్దు. చెనక్కాయల పొడి, నెయ్యి పంపుతున్నాము. నెయ్యి ముందు వాడు.

ఉద్యోగం సంగతి మాత్రం ఉత్తరంలోనే రాయి. ఫోనులో చెబితే మీ అమ్మ పక్కనే ఉంటుంది.

మీ నాన్న