సీలింగులు పోయేలోపే వాటి నమూనాలు గీయించాలి

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్ నగరంలోని పాత దేవిడీల (ప్రభువుల, సంపన్నుల భవంతుల) గురించి రాసేటప్పుడు కమాన్లనూ ముఖద్వారాలనూ అందరూ తలుచుకుంటారు గానీ, గదుల లోపలి సీలింగులను పట్టించుకునేవారు అరుదు. ఇటీవల పాతబస్తీలో ఒక ఇంటిని పడగొడుతుండగా, రంగులింకా వెలవని గచ్చుపూల సీలింగు పెళ్లలు పెళ్లలుగా రాలడం చూశాను. దాని కొలతలు గానీ, బొమ్మ గానీ ఎవరి దగ్గరా లేవు.

పంతొమ్మిదో శతాబ్దపు పారిస్‌లో సంపన్నుల ఇళ్ల సీలింగు పని కాగితం మీద మొదలయ్యేది. జూల్ లాషెజ్, యూజీన్ గూర్దే అనే అలంకరణ చిత్రకారులు గీసిన ఇలాంటి నమూనాలు న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో చాలా ఉన్నాయి. నాలుగు వైపులా ఒకే తీరుగా ఉండే సీలింగుకు మొత్తం గీయనక్కరలేదు కనుక, ఆ కాలపు చిత్రకారులు సగమో పావో గీసి, ఒక మూలకు పూలదండలు, మరో మూలకు జాలీ అల్లిక వేసి, ఏది కావాలో యజమానినే ఎంచుకోమనేవారు. బంగారు పూత రావలసిన చోట పసుపు రంగు, దాని అంచున గోధుమరంగు నీడ, నడుమ మబ్బులు తేలే ఆకాశం, ఆ పలుచని నీలం కింద పెన్సిలు గీతలు: పనివాడికి కావలసినదంతా ఒక్క కాగితంలో ఇమిడిపోయేది.

ఇలాంటి నమూనాల విలువ తర్వాత తెలిసివచ్చింది. పారిస్ నగర సభాభవనానికి చిత్రకారుడు ఆంగ్ర్ 1853లో చిత్రించిన సీలింగు 1871 నాటి మంటల్లో కాలిపోగా, ఆయన వేసుకున్న చిన్న నమూనా చిత్రం ఇప్పటికీ కార్నవాలె మ్యూజియంలో ఉంది. పారిస్ ఒపేరా భవనంలో చిత్రకారుడు లెనెప్వె వేసిన సీలింగు 1964 నుంచి మరో చిత్రకారుడు షగాల్ వేసిన చిత్రం వెనుక కనబడకుండా ఉన్నా, దాని నమూనాను ఓర్సే మ్యూజియంలో చూడవచ్చు.

మన ఫలక్‌నుమా సీలింగులకు ఆలనాపాలనా ఉంది. మామూలు దేవిడీలకు, పాత బంగళాలకు ఆ భాగ్యం లేదు. చాలాచోట్ల వాటి కిందే జిప్సం ఫాల్స్ సీలింగు బిగించేస్తున్నారు. ఫొటో తీస్తే చాలదా అని కొందరంటారు. గచ్చు ఎంత మందాన పొంగిందో, ఒక పువ్వుకూ మరో పువ్వుకూ ఎడమెంతో ఫొటో చెప్పదు. తిరిగి పోతపోయడానికి మేస్త్రీకి కావలసింది ఆ లెక్కే.

అందుకని, పాత భవనాల కూల్చివేతకు అనుమతి ఇచ్చే ముందు సీలింగులను కొలతలతో, రంగులతో గీయించాలని పురపాలక అధికారులను కోరుతున్నాను. మాసబ్‌ట్యాంక్ లలితకళల విశ్వవిద్యాలయ విద్యార్థులకు ఈ పని అప్పగించి తగిన పారితోషికం ఇస్తే, అధ్యాపకుల పర్యవేక్షణలో అది చక్కగా సాగుతుంది. గీసిన ప్రతులను రాష్ట్ర ఆర్కైవ్స్‌లో భద్రపరచి, మేస్త్రీలకూ అందుబాటులో ఉంచాలి.

భవదీయుడు,
ఒక పాఠకుడు, మలక్‌పేట, హైదరాబాద్