నీ షీట్‌లో సగం కొట్టేశాను బిడ్డా

హనుమకొండ,
ఆదివారం పొద్దున

బిడ్డా,

నువ్వు పంపిన ఢిల్లీ ప్లాను అందింది. సందు చివర జిరాక్స్ సెంటర్‌లో ప్రింట్ తీయించుకుని, ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నాను. నీకు కోపం వస్తుందని తెలుసు. ఫోన్‌లో చెప్దామంటే నువ్వు "సరే బాపు, షీట్‌లోనే మార్చెయ్" అంటావు. పక్క నుంచి మీ అమ్మ ఇంకో మాట అందుకుంటుంది. అసలు సంగతి అక్కడే పోతుంది. అందుకే కాగితం మీద రాస్తున్నాను. తీరిక దొరికినప్పుడు చదువు, అల్లుడికి కూడా చూపించు.

ఎనిమిది రోజులు. ఢిల్లీ, ఆగ్రా, మనాలి, అమృత్‌సర్. పొద్దున ఆరున్నర నుంచి రాత్రి పది దాకా గంటకో గడి, గడికో రంగు. హనుమకొండ బస్టాండ్‌లో కంట్రోలర్‌గా ఉన్నన్నాళ్లు ఇట్లాంటి చార్టుల మధ్యే బతికాను. వాటిలో కూడా డ్రైవర్ దిగి చాయ్ తాగడానికి పది నిమిషాలు ఉండేవి. నీ చార్టులో మీ అమ్మ బాత్రూంకు పోవడానికి కూడా టైం లేదు.

మొన్న ఎండాకాలంలో ఎదురింటికి వచ్చిన చుట్టాలు యాదికున్నారా? రామప్ప, లక్నవరం, వేయిస్తంభాల గుడి, భద్రకాళి గుడి, వరంగల్ కోట, అన్నీ ఒక్కరోజులో చుట్టేస్తామని పొద్దున్నే కారెక్కారు. కోటలో కీర్తి తోరణాల దగ్గరికి చేరేసరికి చీకటి పడింది. రామప్పలో ఏం చూశారని అడిగితే ఫోన్ తీసి ఫొటోలు వెతుక్కున్నారు. 1213లో కట్టిన గుడి అది, 2021లో యునెస్కో జాబితాకెక్కింది. దానికి వాళ్లిచ్చింది ఇరవై నిమిషాలు. ఆ రాత్రి మనం ఎంత నవ్వుకున్నామో! ఇప్పుడు నీ షీట్ చూస్తే వాళ్లే గుర్తొస్తున్నారు.

నేను కూడా మొదట తప్పే చేశాను. పోయివచ్చిన వాళ్లను కనుక్కుందామని బయలుదేరి, కనబడ్డవాళ్లందరినీ "ఢిల్లీలో ఏమేం చూడాలి?" అని అడిగాను. ఒక్కొక్కరు నాలుగేసి పేర్లు చెప్పారు. రెండు రోజుల్లో నీ షీట్ కంటే నా జాబితానే పొడుగైంది. అప్పుడు ఎనుమాముల మార్కెట్లో మన మిర్చి అడ్తిదారు, అదే కమీషన్ ఏజెంటు, తగిలాడు. సరుకు పని మీద ఢిల్లీకి పోయివస్తుంటాడు. నా కాగితం చూసి, "ఏం చూడాల్నో ఎవడైనా చెప్తడు సారూ, మళ్ల పోతే ఏం చెయ్యరో అది అడుగుండ్రి" అన్నాడు. అప్పటి నుంచి ఆ ఒక్క ప్రశ్నే పట్టుకుని తిరిగాను. బిడ్డా, జనం మాటతీరే మారిపోయింది! ఏం చూశారంటే గొప్పలు చెప్పేవాళ్లు, ఏం చెయ్యరంటే కుర్చీ దగ్గరికి జరుపుకుని చెప్తున్నారు.

భద్రకాళి బండ్ మీద నాతో నడిచే బ్యాంకాయన ఉన్నాడు కదా, ఆయన ప్యాకేజీ టూర్‌లో ఏడు రోజుల్లో పదకొండు ఊళ్లు తిరిగాడు. "మళ్ల పోతే రాత్రికో హోటల్ మారను. బస్సు ఎక్కుడు దిగుడు తప్ప నాకేం యాదికి లేదు" అన్నాడు. ఆ పూటే మనాలి మీద గీత పెట్టేశాను. ఢిల్లీ నుంచి అయిదు వందల కిలోమీటర్ల పైమాట, అందులో ఘాట్ రోడ్డు. శ్రీశైలం ఘాట్‌లోనే మీ అమ్మ ఎన్నిసార్లు బండి ఆపించిందో నీకు తెలుసు. చిన్నికి మంచు చూపించాలని నీకుందని తెలుసు. దానికింకా ఆరేళ్లే. మంచు ఎక్కడికీ పోదు.

ఆగ్రా దగ్గర కొంచెం గొడవైంది. భజన మండలిలో ఒకావిడ తాజ్‌మహల్‌కు శుక్రవారం పోయిందట. శుక్రవారం అది మూసే ఉంటుంది. అంత దూరం పోయి గోడ చూసి వచ్చింది పాపం. నేను నవ్వాను. మీ అమ్మ నా వంక చూసింది. పన్నెండేళ్ల కింద మేమిద్దరం ఢిల్లీ పోయినప్పుడు ఎర్రకోటకు తీసుకుపోయింది నేనే, పోయింది సోమవారం. సోమవారం ఎర్రకోట సెలవు. ఎర్రగోడల ముందు ఐస్‌క్రీమ్ తిని తిరిగివచ్చాం. బస్సుల టైములన్నీ నోటికొచ్చిన మనిషికి వారం చూసుకోవాలని తెలియలేదని ఇప్పటికీ దెప్పుతుంది. అందుకని ఈసారి ఎర్రకోట ఏ వారమో ముందు రాసుకుని, మిగతా ప్లానంతా దాని చుట్టూ అల్లాను.

ఆగ్రా సంగతి మాత్రం ఇది. ఢిల్లీ నుంచి పోను రెండు వందల ముప్పై కిలోమీటర్లు, రాను అంతే. తెల్లవారుజామున లేస్తే రాత్రికి గది చేరతాం. ఒక రోజు పోతుంది, మర్నాడు అలసటకు సగం పోతుంది. దాని కోసం ఇంకోసారి పోదాం. మీ అమ్మను ఒప్పించడానికి రెండు రోజులు పట్టింది.

మిగిలినవి రెండు ఊళ్లు, అమృత్‌సర్, ఢిల్లీ. ఎప్పుడు పోవాలన్నదాంట్లో నాకు ఓటు లేదు. దసరాకు ముందే బయలుదేరి ఢిల్లీలో రామ్‌లీలా చూద్దామని రాశావు. మీ అమ్మ ఒక్కటే మాట అంది: "ఉర్సు గుట్ట దగ్గర మన రావణుడు లేడా?" సద్దుల బతుకమ్మ ఆడకుండా, జమ్మి చేతిలో పెట్టకుండా ఆమె గడప దాటదు. నువ్వు కూడా ఆ నాలుగు రోజులు ఇక్కడికే వస్తే బాగుంటుంది గానీ, అది వేరే ఉత్తరం. అట్లాగని దీపావళి దాకా ఆగడానికీ లేదు. పంజాబ్, హర్యానాల్లో వరి కోశాక కొయ్యకాళ్లు కాలుస్తారు. ఆ పొగకు టపాకాయల పొగ తోడై, చల్లగాలికి పైకి పోలేక ఢిల్లీ మీదే కూర్చుంటుంది. మీ అమ్మకు దమ్ము జబ్బు ఉంది. అందుకే దసరా మంగళవారం అయితే శుక్రవారం బయలుదేరుతున్నాం, దీపావళికి వారం ముందే ఇంట్లో ఉంటాం. మాస్కులు నేను కొంటాను.

కాజీపేటలో పొద్దున ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు పొద్దున ఢిల్లీ. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ అనాలి, పేరు మారి పదేళ్లు దాటినా నా నోట్లో మారలేదు. మీరు విమానంలో శనివారం మధ్యాహ్నానికి వస్తారు. అదే రోజు అమృత్‌సర్ బండి పట్టుకుందామని నువ్వు పెట్టిన గడి తీసేశాను. రైలు ఆలస్యమైతే టికెట్లన్నీ మట్టి. శనివారం పడక, ఆదివారం హుమాయున్ సమాధి, సాయంత్రం ఇండియా గేట్. అంతే. సోమవారం పొద్దున శతాబ్దిలో అమృత్‌సర్, ఆరు గంటల ప్రయాణం. చూశావా, ఎర్రకోట మూసుండే రోజు మనం రైల్లో ఉంటాం. ఇది చెప్పినప్పుడు మీ అమ్మ ముఖం చూడాల్సింది.

అమృత్‌సర్‌కు నువ్వు పెట్టింది ఒక్క పగలు. నేను మూడు రోజులు చేశాను. దీనికి కారణం మీ అమ్మతో పనిచేసిన హెడ్‌మాస్టరమ్మ. "మళ్ల పోతే మిట్టమధ్యాహ్నం ఒక్కసారి పోయి రాను" అందామె. ఆమె స్వర్ణదేవాలయానికి పోయింది ఆదివారం. నెత్తిన ఎండ, గంటల లైను, లోపల నిలబడింది అర నిమిషం. రాత్రి రైలుకు ఇంకా టైం ఉందని మళ్లీ గుడికి పోయి కొలను గట్టున కూర్చుందట. దీపాలన్నీ నీళ్లలో కనబడుతుంటే, కీర్తన వినబడుతుంటే, అప్పుడు గుడి చూసినట్టు అనిపించిందట. రాత్రి సిక్కుల పవిత్ర గ్రంథం గ్రంథ సాహిబ్‌ను పల్లకీలో తీసుకుపోతారు, అదీ చూసింది. అందుకే మనం పనిరోజుల్లో పోతున్నాం, తెల్లవారకముందు ఒకసారి, రాత్రి ఒకసారి. లోపలికి మెట్లు దిగి పోవాలి, కాళ్లు కడుక్కునే చోట జారుతుంది, కాబట్టి మీ అమ్మ చెయ్యి అల్లుడు పట్టుకోవాలి. నా చెయ్యి చిన్ని పట్టుకుంటుంది.

లంగరులో, అంటే అక్కడ అందరికీ ఉచితంగా అన్నం పెట్టే చోట, నేల మీద వరసగా కూర్చోబెట్టి వడ్డిస్తారు. రొట్టె రెండు చేతులూ చాచి తీసుకోవాలి. నేల మీద కూర్చోలేనని మీ అమ్మ ఇప్పుడే బెంగ పెట్టుకుంది. తిన్నాక వీలైతే కాసేపు గిన్నెలు తోమే దగ్గర నిలబడదామని ఉంది నాకు. అక్కడ ఎవరైనా చేయొచ్చట. నువ్వు "బాపు ఇంట్లో ఎన్నడన్నా తోమాడా" అని మీ అమ్మతో అనకు.

పోయిన వారం పరకాల బస్సులో సెలవు మీద వచ్చిన ఒక జవాను పక్కన కూర్చున్నాడు. అతనిది పరకాల దగ్గర పల్లె, పంజాబ్‌లో రెండేళ్లు చేశాడట. అట్టారీ సరిహద్దులో సాయంత్రం జెండా దించే కవాతుకు పోతే చేతిసంచులు తీసుకుపోవద్దన్నాడు, లోపలికి రానివ్వరట. 2025 మేలో కొన్నాళ్లు జనాన్ని అసలే ఆపేశారు. కాబట్టి అది ఆ రోజు పరిస్థితి కనుక్కుని పోదాం, ముందే డబ్బులు కట్టొద్దు.

ఆ జవాను ఇంకో మాట అన్నాడు, దాని కోసమే ఇంత రాస్తున్నానేమో. "జలియన్‌వాలాబాగ్‌కు పోతే మా ఊరు యాదికొచ్చింది సార్" అన్నాడు. 1947 సెప్టెంబరు 2న పరకాలలో జాతీయ జెండా ఎగరేద్దామని చేరిన జనం మీద నిజాం పోలీసులు, రజాకార్లు కాల్పులు జరిపారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి మూడు వారాలు కూడా కాలేదు, మనకింకా రాలేదు. దాన్ని దక్షిణాది జలియన్‌వాలాబాగ్ అంటారని చిన్నప్పుడు నీకు అమరధామం చూపిస్తూ చెప్పాను. నువ్వు జలియన్‌వాలాబాగ్ అంటే ఏమిటని అడిగావు. 1919 ఏప్రిల్ 13, వైశాఖి పండుగ, డయ్యర్, సన్నని దారి, బావి, అన్నీ పుస్తకంలో చదివింది చదివినట్టు చెప్పాను. ఆ దారి ఎంత సన్నమో నాకూ తెలియదు. ఇప్పుడు నడిచి చూడాలని ఉంది. నీ షీట్‌లో దానికి పదిహేను నిమిషాలున్నాయి. ఆ గడి చెరిపేసి, టైం రాయకుండా వదిలేశాను. స్వర్ణదేవాలయం నుంచి నడిచిపోయేంత దగ్గరే. చిన్నికి ఎంత చెప్పాలో, ఎంత చెప్పొద్దో నువ్వు ఆలోచించు.

బుధవారం సాయంత్రం మళ్లీ ఢిల్లీ. కరోల్‌బాగ్‌లో మెట్రో స్టేషన్‌కు నడిచేంత దూరంలో గది చూడు. మళ్లీ పోతే ఆటోవాళ్లతో బేరాలాడుతూ కూర్చోనని అడ్తిదారు అన్నాడు, అందుకే. గురువారం పొద్దున ఎర్రకోట. అక్కడి నుంచి చాందినీ చౌక్ మీదుగా ఖారీ బావోలీ, అది నా కోరిక. మసాలా దినుసుల హోల్‌సేల్ బజారు. అడుగుపెడితే తుమ్ములు ఆగవట. ఎనుమాములలో ముప్పై ఏళ్లుగా తుమ్ముతున్నవాణ్ని, అక్కడ కూడా తుమ్మి చూస్తాను. మన చపాటా మిర్చికి 2025లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, ఆ దుకాణాల్లో దాని పేరు ఎవరైనా ఎత్తుతారేమో అడగాలి. మీ అమ్మ రాదు, దమ్ము. ఆ గంటసేపు మీరు ముగ్గురూ పరాఠాలు తినండి.

శుక్రవారం ఖాళీ. నిజంగా ఖాళీ. చిన్ని రైలు మ్యూజియం అంటే అటు, నిద్ర అంటే నిద్ర. శనివారం మీకు విమానం, మాకు రైలు.

టికెట్ల బుకింగ్ ఇప్పుడు నాలుగు నెలల ముందు కాదు, అరవై రోజుల ముందే తెరుస్తారు. ఆ తేదీ పొద్దున ఎనిమిదికి నేను కూర్చుంటాను, నువ్వు కూడా శతాబ్దికి కూర్చో. మా ఇద్దరికీ లోయర్ బెర్తులు. తిండికి మీ అమ్మ సర్వపిండి, పులిహోర కడుతుంది. సద్దుల నాటి మలీద ముద్దలు మిగిలితే చిన్నికి తెస్తుందట, మిగలనిస్తే.

స్వర్ణదేవాలయంలో ఆడా మగా అందరూ తల కప్పుకోవాలి. అక్కడ రుమాళ్లు ఇస్తారని చెప్పినా వినకుండా మీ అమ్మ పాత చీర కత్తిరించి మిషన్ ముందు కూర్చుంది. చిన్నికి పసుపుది కావాలో, నీలంది కావాలో అడిగి రేపటికల్లా చెప్పమంటోంది.

మీ బాపు