వానలు పడేదాకా మా కేకుల్లో మార్పులు: ఏవి చేస్తాం, ఏవి చెయ్యం

విజయవాడ ఎండల్లో ఇంటి కేకు నిలబెట్టడం తేలిక కాదు. అందుకే వానలు పడేదాకా కొన్ని డిజైన్లు ఆపేస్తున్నాం. ఏది ఎందుకు ఆపామో కూడా చెప్తున్నాం, ఇంట్లో సొంతంగా చేసుకునేవాళ్లకూ పనికొస్తుంది.

మొదట బటర్‌క్రీమ్. వెన్న 32, 35 డిగ్రీల మధ్య కరిగిపోతుంది, మెత్తబడటం అంతకంటే ముందే మొదలవుతుంది. ఏసీ లేని హాల్లో ఫొటోలు పూర్తయ్యేలోపే క్రీమ్ గులాబీలు తల వాల్చేస్తాయి. వనస్పతి కలిపితే నిలబడే మాట నిజమే గానీ, తిన్నాక అంగిట్లో జిడ్డు పొరలా మిగిలిపోతుంది. మేం కలపం. బటర్‌క్రీమ్ ఆర్డర్లూ తీసుకోం.

దాని బదులు విప్పింగ్ క్రీమ్. ఇక్కడో మాట దాచకుండా చెప్పాలి: మేం వాడే ప్యాకెట్ క్రీమ్ పాలమీగడ కాదు. పామ్ కెర్నెల్ నూనె, చక్కెర, నీళ్లతో చేసింది. పాల క్రీమే కావాలంటే ఈ ఎండల్లో మా వల్ల కాదు. ప్యాకెట్‌ను ఫ్రీజర్‌లోంచి తీసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, ఇంకా సన్నటి మంచు పలుకులు తగులుతుండగానే గిన్నెలో పొయ్యాలి. గిన్నె, బీటర్ పుల్లలు కూడా పావుగంట ఫ్రీజర్‌లో ఉండాలి. మధ్యస్థం వేగంలో తిప్పుతూ, పైకి లేపిన క్రీమ్ కొన కాస్త వంగి నిలబడగానే ఆపెయ్యాలి. చాలామంది కొన నిటారుగా నిలిచేదాకా కొడతారు. కేకుకు పూసి కత్తితో నున్నగా చేస్తున్నప్పుడు క్రీమ్ ఇంకా బిగుస్తుంది కదా, దాంతో పాత గోడ సున్నంలా గరుకై చిల్లులు పడుతుంది. అలా అయితే, కొట్టని చల్లటి క్రీమ్ రెండు చెంచాలు వేసి గరిటెతో మెల్లగా కలిపితే దారికొస్తుంది.

ఫాండెంట్ (చక్కెర ముద్దను చపాతీలా పరిచి కప్పే పూత) కింద పూసే గనాష్, అంటే చాక్లెట్, క్రీమ్ కలిపిన ముద్ద, మాత్రం మానం, పాళ్లే మార్చాం. చలికాలంలో 500 గ్రాముల డార్క్ చాక్లెట్‌కు 250 గ్రాముల క్రీమ్ వేసేవాళ్లం, ఇప్పుడు 200 గ్రాములే. వైట్ చాక్లెట్‌కు మూడింట ఒక వంతు సరిపోయేది, ఇప్పుడు నాలుగింట ఒక వంతు. గనాష్‌కు అసలు చాక్లెట్టే వాడతాం. పైన పెట్టే చాక్లెట్ ఆకులు, రేకులు మాత్రం కాంపౌండ్, అంటే కోకో వెన్న బదులు వేరే నూనె కొవ్వుతో చేసిన చాక్లెట్. రుచి తక్కువే, కానీ చేతిలో కరిగిపోదు.

రంగుల దగ్గర మాకు ఎక్కువ మాటలు పడుతున్నాయి. తెల్ల క్రీమ్‌ను ముదురు ఎరుపు చేయాలంటే చాలా రంగు పొయ్యాలి, చేదొస్తుంది, పిల్లల నాలుకలు మర్నాటిదాకా ఎర్రగా ఉంటాయి. తెలుపు పక్కనే ఎరుపు ఉంటే, ఫ్రిజ్‌లోంచి తీశాక పట్టే చెమ్మకు ఎరుపు తెలుపులోకి పాకుతుంది. ఏప్రిల్‌లో వెళ్లిన కొన్ని కేకుల్లో ఇదే జరిగింది, తప్పు మాదే. ఇకపై కేకంతా ఎరుపు, ముదురు నీలం పూతలు లేవు. ఆ రంగులు టాపర్‌లో (కేకు పైన గుచ్చే అట్ట పేరు), ఫాండెంట్ బొమ్మలో వస్తాయి. నలుపు కావాలంటే చాక్లెట్ క్రీమ్‌తో మొదలుపెడతాం, అప్పుడు చిటికెడు రంగు చాలు.

బొమ్మలకు ఐదు రోజుల ముందు చెప్పండి. పావుకిలో ఫాండెంట్‌కు టీస్పూన్ సీఎంసీ పొడి (ఫాండెంట్‌ను గట్టిపరిచేది) కలిపి చేసినా, కృష్ణ పక్కనున్న ఊరి ఉక్కకు ఆరడానికి రెండు మూడు రోజులు పడుతుంది. త్వరగా గట్టిపడుతుందని ఫ్రిజ్‌లో పెట్టకూడదు. బయటికి తీయగానే చెమర్చి, కాళ్లు మెత్తబడి కూలబడుతుంది.

ఇక తెలుగు పేర్ల టాపర్లు. ఇంగ్లీషు పేరుకు 80, తెలుగు పేరుకు 120 రూపాయలు ఎందుకని అడుగుతున్నారు. ప, స, హ లాంటి అక్షరాల మీద తలకట్టు కింది అక్షరాన్ని తాకదు. అట్ట కత్తిరిస్తే తలకట్టు విడిగా ఊడి చేతిలోకొస్తుంది. కొన్ని ఒత్తులూ అంతే. కాబట్టి ముందు అక్షరాల్ని లావు చేసి, తలకట్టును కిందికి దించి, ఒత్తుల్ని పైకి జరిపి అతికించాలి. ఆ తర్వాత పేరు చుట్టూ 3 మిల్లీమీటర్లు ఎక్కువగా ఇంకో రంగు అట్ట కత్తిరించి వెనక అంటిస్తాం. 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు 300 గ్రాములు) కన్నా పల్చటి అట్ట ఫ్రిజ్ చెమ్మకు వంగిపోతుంది. మెరుపుల అట్ట వాడం, ఆ తళుకు రాలి క్రీమ్‌లో పడుతుంది, అది తినేది కాదు. బంగారు పొడి సీసా మీద ‘విషం కాదు’ అని ఉన్నంత మాత్రాన తినొచ్చని కాదు, ఇంట్లో చేసుకునేవాళ్లు ‘తినదగినది’ అని రాసి ఉందో లేదో చూసుకోండి.

కేకు మీదే రాయమంటే చోటు లెక్క ఉంటుంది. 7 అంగుళాల కేకు మీద అంచు పూలు పోగా మిగిలేది ఐదు అంగుళాలే. ఒత్తులకు కింద, గుడులకు పైన జాగా వదలాలి. ‘జన్మదిన శుభాకాంక్షలు’ మొత్తం పైనే కావాలంటే పేరు చీమల బారు అవుతుంది. శుభాకాంక్షలు బోర్డు అంచున రాస్తాం, పేరు కేకు మీద.

నిజం పూలు పెట్టమంటే గులాబీ ఒక్కటే పెడతాం, అదీ మందు కొట్టని పెరటిదైతేనే, కాడకు అల్యూమినియం ఫాయిల్ చుట్టి. ఇంట్లో పూసిందని గన్నేరు మాత్రం పొరపాటున కూడా పెట్టొద్దు, చెట్టంతా విషమే.

తీసుకెళ్లేటప్పుడు ఒడిలో వద్దు, సీటు మీద వద్దు, రెండూ ఏటవాలే. కారులో ముందు సీటు కింద కాళ్లు పెట్టేచోట సమంగా ఉంటుంది, ఏసీ గాలీ తగులుతుంది. ఇంటికెళ్లాక డబ్బా తెరవకుండా ఫ్రిజ్‌లో పెట్టండి. క్రీమ్ కేకును కోసే ముందు అరగంట కంటే బయట ఉంచొద్దు. ఫాండెంట్ చెమరిస్తే తుడవకండి, మచ్చ పడుతుంది. ఫ్యాను గాలికి వదిలేస్తే అదే ఆరిపోతుంది.

కిలో అంటే స్పాంజ్, క్రీమ్ కలిపిన బరువు. బోర్డు, బొమ్మ, టాపర్ అందులో రావు. ఎగ్‌లెస్ కేకులకు గిన్నెలు కడిగి వాడతాం కానీ ఓవెన్, మిక్సర్ అవే. పట్టింపు ఉన్నవాళ్లకు ఈ మాట ముందే తెలిసి ఉండాలి.

పేరు మాత్రం తెలుగులోనే టైప్ చేసి పంపండి. ఇంగ్లీషు అక్షరాల్లో వస్తే రితికో రీతికో మాకు తేలదు, అట్ట కోశాక దిద్దడం కుదరదు.