సముద్రమట్టం లెక్క సరిచేయండి: తీర రక్షణ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

తీర రక్షణ ముసాయిదాపై మేము పంపిన వినతులకు జవాబు రానందున ఈ లేఖను అందరి ముందు ఉంచుతున్నాం.

ఉత్తర ధ్రువ సముద్రంలో తేలే మంచు కరగడమే మట్టం పెరగడానికి ప్రధాన కారణమని ముసాయిదాలో రాశారు. అది సరికాదు. తేలే మంచు తన బరువుకు సమానమైన నీటిని ముందే తొలగించి ఉంటుంది. కరిగినా మట్టం దాదాపు మారదు (ఇది బడి పాఠమే). దాని నష్టం వేరు: మంచు పోయిన చోట ముదురు నీరు ఎండను పీల్చుకుని మరింత వేడెక్కుతుంది. మట్టాన్ని పెంచేవి వేడికి వ్యాకోచించే సముద్రజలం, నేలమీది హిమానీనదాలు, గ్రీన్‌లాండ్, అంటార్కిటికా మంచు పలకలు. గ్రీన్‌లాండ్ మంచు ఒక్కటే మొత్తం కరిగినా మట్టం సుమారు 7 మీటర్లు పెరుగుతుంది.

ఇంకా ప్రమాదకరమైనది మట్టం పెరిగే వేగం లెక్క. తీరం వెంట కట్టే రక్షణ గోడల ఎత్తుకు 1901–2018 సగటును, అంటే ఏడాదికి 1.7 మిల్లీమీటర్లను తీసుకున్నారు. 2006–2018 మధ్య వేగం ఏడాదికి 3.7 మిల్లీమీటర్లు. భూగర్భజలం తోడి నేల కుంగిన చోట ఇంకా ఎక్కువ. దెబ్బ మొదట తగిలేది గోడకు కాదు, కాలువలకు: పోటుకు కాలువ మూతి మునిగి వాననీరు వీధుల్లోకి ఎదురు తంతుంది. మూతి దగ్గర తలుపులు బిగించినా, చెత్త అడ్డుపడితే అవి మూసుకోవు. వాటి నిర్వహణకు ముసాయిదాలో పైసా లేదు. బావులు ఉప్పెక్కుతాయి. పల్లపు ఇళ్లవారే ముందుగా ఊరు వదలాల్సి వస్తుంది.

ముసాయిదాను నిలిపి, స్థానిక పోటు కొలతలు, నేల కుంగుదల కలిపి లెక్క మళ్లీ చేయించండి. ఆ అంకెలను 60 రోజుల్లో బహిరంగపరచండి.

ఇట్లు,
తీర ఇంజినీర్లు, సముద్ర శాస్త్ర అధ్యయనకారులు